హ్యాండిల్ చివర, మడతబందు ముందు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలో, బారువ తీరానికి దగ్గరగా ఉన్న పల్లె. కొబ్బరి, జీడి తోటలు ఉన్నాయి. మావయ్యగారు కట్టించిన పాత ఇల్లు. వీధి గుమ్మానికి రెండు రెక్కల టేకు తలుపు, లోపలి గదులకు తర్వాత పెట్టించిన ఫ్లష్ డోర్లు. తిత్లీ తుఫానుకు తడిసినప్పటి నుంచి ఏ తలుపూ సరిగ్గా పడదు. బందులు తుప్పు పట్టాయి, గడియలు సగం పనిచేయవు. ఈసారి తలుపుల సామాను మొత్తం మార్చేద్దామనుకుంటున్నాం. బరంపురంలో ఒక షాపులో యాంటిక్ బ్రాస్ హ్యాండిళ్ళు చూశాను, చాలా నచ్చాయి. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయి స్మార్ట్ లాక్ పెట్టించమంటాడు. మావయ్యగారేమో ఆల్డ్రాప్ (తాళంకప్ప తగిలించే పెద్ద అడ్డగడియ), తాళంకప్ప ఉంటే చాలు, ఇంకేం వద్దంటారు. అత్తయ్యగారికి కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కి పలాస తీసుకెళ్తుంటాం. ఆవిడను పెద్ద డాక్టర్లకు చూపించడానికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు వారం, పది రోజులు ఇంటికి తాళమే. ముగ్గురిలో ఎవరి మాట వినాలో తేలక టెన్షన్‌గా ఉంది. ఏం కొనమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో హ్యాండిళ్ళున్నాయి, స్మార్ట్ లాక్ ఉంది, ఆల్డ్రాప్ ఉంది. మడతబందుల ఊసు ఒక్కచోటే వచ్చింది, అదీ తుప్పు పట్టాయని. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. తలుపు బరువంతా మోసేవి అవే. అవి జారితే ఎంత ఖరీదైన తాళం కొన్నా దాని నాలుక ద్వారబంధంలో ఉన్న కన్నంలోకి దూరదు. తాళం పాడైందని విప్పి షాపుకు పట్టుకొచ్చే వాటిలో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. తలుపు కిందికి దిగి ఉంటుంది, అంతే.

అందుకని షాపుకు వెళ్ళే ముందు ఒక పూట ఇంట్లోనే గడపండి. ప్రతి తలుపునూ సగం తెరిచి, గడియ ఉండే వైపు అంచును రెండు చేతులతో పట్టుకుని పైకి ఎత్తండి. కాస్త లేచి టక్కున దిగిందంటే బందు అరిగినా అరిగి ఉండాలి, స్క్రూలైనా వదులై ఉండాలి. అలాంటి తలుపు కింది మూల నేలకు రాసుకుంటుంది, గచ్చు మీద వంపు తిరిగిన గీత కూడా పడి ఉంటుంది. అలా కాకుండా నిలువు అంచు పొడుగునా ద్వారబంధానికి బిగుసుకుంటోందంటే చెక్క ఉబ్బిందన్నమాట. మొదటి రకానికి బందులు మార్చాలి, రెండో రకానికి చిత్రిక పట్టాలి. చాలా ఇళ్ళలో జారిన తలుపుకు చిత్రిక పట్టించేస్తారు. అప్పటికి పడుతుంది. ఇంకో ఏడాదికి మరికాస్త జారుతుంది, మళ్ళీ చిత్రిక.

ఉబ్బిన తలుపునైనా వానల్లో ముట్టుకోకండి. వర్షాకాలంలో గీయించిన తలుపుకు వేసవి వచ్చేసరికి గీసినంత మేరా సందు తేలుతుంది. తలుపు బాగా ఆరి ఉన్నప్పుడు గీయించి, అంచుకూ ద్వారబంధానికీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉంచమనండి. ఇంకో సంగతి. తలుపు పై అంచు, కింది అంచు ఎవరి కంటా పడవు, పెయింటర్ అక్కడికి బ్రష్ పోనివ్వడు. చెక్క తేమ పీల్చేది మాత్రం ఎక్కువగా ఆ అంచుల్లోంచే. మీ ఫ్లష్ డోర్లలో కింది అంచు దగ్గర ప్లై పొరలు విచ్చుకున్నవి కనీసం ఒకటి రెండైనా ఉంటాయని నా అనుమానం. బందులు మార్చడానికి తలుపులు ఎలాగూ దించుతారు. ఆ రోజే రెండు అంచులకూ రెండేసి పూతలు వేయించండి. ఆ పనికి డబ్బా అడుగున మిగిలిన పెయింటు సరిపోతుంది.

ద్వారబంధాల అడుగు భాగాన్ని స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడడం మరవకండి. మొన మెత్తగా దిగితే అక్కడ చెదలో, కుళ్ళో ఉంది. అది బాగు చేయించకుండా దాని మీద కొత్త సామాను బిగించడం దండగ.

ఇప్పుడు బందులు. మీ వీధి గుమ్మం కొలతలు మీరు రాయలేదు. పాత ఇళ్ళ లెక్కన 7 అడుగుల ఎత్తు, రెండు రెక్కలూ కలిపి మూడున్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందం అనుకుందాం. నిండు టేకు అయితే రెండూ కలిపి 50 కిలోలు దాటుతాయి. అంటే రెక్కకు పాతిక కిలోల పైమాటే. రెక్కకు మూడు చొప్పున 5 అంగుళాల బందులు వేయించండి, రేకు మందం 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తలుపు తన బరువుతో ద్వారబంధాన్ని వదిలి ముందుకు లాగేది పైబందు దగ్గరే. కాబట్టి మూడో బందును సరిగ్గా మధ్యలో కాకుండా పైదానికి కాస్త దగ్గరగా వేయిస్తే మేలు. లోపలి గదులకు 4 అంగుళాలవి, తలుపుకు మూడు. రెండుతో సరిపెడతానంటే ఒప్పుకోకండి, ఇప్పుడు మిగిలే డబ్బు తర్వాత వడ్రంగి కూలికి కూడా చాలదు.

స్క్రూల దగ్గర మీరు కాస్త గట్టిగా ఉండాలి. బందుతో పాటు వచ్చే పొట్లంలో స్క్రూలు తరచూ పొట్టివి, ఇనుపవి ఉంటాయి, పైన తెల్లగా పూత మెరుస్తుందంతే. స్టీలు బందుకు ఇనుప స్క్రూ వేస్తే మీ ఊరి గాలికి ముందు స్క్రూ తల తుప్పు పడుతుంది, ఆ తుప్పు నీళ్ళు బందు మీదుగా కారతాయి. చూసినవాళ్ళు బందే తుప్పు పట్టిందనుకుంటారు. స్టెయిన్‌లెస్ స్క్రూలు విడిగా కొనండి, వీధి గుమ్మం ద్వారబంధానికైతే 2 అంగుళాలవి. వడ్రంగి పని చేస్తున్నప్పుడు ఒక కుర్చీ వేసుకుని దగ్గర కూర్చోండి. స్క్రూను సుత్తితో ముప్పాతిక వంతు కొట్టేసి, చివర రెండు తిప్పులు తిప్పి అయిందనిపించే అలవాటు ఎక్కడైనా ఉన్నదే. అలా కొట్టిన స్క్రూ మర చెక్కను పట్టుకోదు, చీల్చుకుంటూ పోతుంది. ముందు సన్నటి కన్నం వేసి, మరకు కాస్త కొవ్వొత్తి మైనం రాసి, మొత్తం తిప్పి బిగించమనండి. పాత కన్నాలు పెద్దవైపోతే టేకు పుల్ల చెక్కి ఫెవికాల్‌తో దిగ్గొట్టి, ఆరాక మళ్ళీ కన్నం వేయాలి. అగ్గిపుల్లలు కుక్కడం నాలుగు నెలల ముచ్చట.

ఇక లోహం. మీ ఇంటికి ఏది పనికొస్తుందో తేల్చేది మీరూ కాదు, మీ అబ్బాయీ కాదు, బారువ గాలి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది లోహం మీద కూర్చుని రాత్రి మంచుతో, తేమతో కలిసి పూతల కింద నుంచి తొలుస్తుంది. షాపులో స్టెయిన్‌లెస్ స్టీలును అందరూ 'ఎస్‌ఎస్' అంటారు, కానీ ఎస్‌ఎస్ ఒకటి కాదు. సామానులో మూడు నంబర్లు వినిపిస్తాయి: 202, 304, 316. ధర తక్కువని ఎక్కువగా అంటగట్టేది 202. అందులో నికెల్ తగ్గించి ఆ స్థానంలో మాంగనీస్ కలుపుతారు. ఊరి లోపల, పొడి గాలిలో పర్వాలేదు, తీరం దగ్గర త్వరగానే ఎర్రమచ్చలు వేస్తుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటితో పాటు 2, 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పును తట్టుకునే బలం దాని వల్లే.

షాపువాళ్ళు అయస్కాంతం తెచ్చి హ్యాండిల్‌కు తాకించి, "చూడండమ్మా, అంటుకోలేదు, ఒరిజినల్" అంటారు. 202 కూడా అంటుకోదు. ఆ పరీక్షలో తేలేది లోపల మామూలు ఇనుము లేదని మాత్రమే. కొన్ని పెద్ద షాపుల్లో ఒక చుక్కమందు సీసా, చిన్న బ్యాటరీ ఉంటాయి. చుక్క వేసి బ్యాటరీ తాకిస్తే మాంగనీస్ ఎక్కువున్న 202 దగ్గర చుక్క ఎర్రబడుతుంది. అది అడగండి. లేదంటే బిల్లు మీద 304 అని రాయమనండి. రాయడానికి నీళ్ళు నమిలితే మీకు జవాబు దొరికినట్టే.

316 ధర ఎక్కువ, చిన్న షాపుల్లో దొరకదు కూడా. ఇల్లంతా అదే పెట్టించక్కర్లేదు. బయటి గాలి నేరుగా తగిలే వీధి గుమ్మం, పెరటి గుమ్మం బందులకు దొరికితే 316, దొరక్కపోతే 304. లోపలి వాటికి 304 చాలు. తీరంలో 304 మీద కూడా టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు వస్తాయి. అవి పైపైనే ఉంటాయి, కంగారు పడకండి. నెలకోసారి మంచినీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెడితే పోతాయి. గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం దగ్గరికి రానివ్వకండి. గరుకు గీతలున్న ఫినిష్ కంటే నున్నటిది కొనండి, గీతల్లో ఉప్పు నిలుస్తుంది.

మీకు నచ్చిన యాంటిక్ బ్రాస్ హ్యాండిళ్ళకు వద్దాం. 'యాంటిక్ బ్రాస్' అన్నది చాలాసార్లు రంగు పేరే, లోపల ఉన్నది ఇత్తడని హామీ కాదు. ఎక్కువ భాగం జింక్ మిశ్రమంతో పోత పోసి పైన పూత పూసినవి. హ్యాండిల్ తిరగేసి స్క్రూ కన్నం లోపల, వెనక అంచుల దగ్గర చూడండి. ఇత్తడైతే పసుపుపచ్చగా, జింక్ అయితే బూడిద రంగులో కనిపిస్తుంది. ఒకే సైజువి రెండు చేతుల్లోకి తీసుకుంటే ఇత్తడిది స్పష్టంగా బరువు. మన జిల్లాలో బుడితి ఇత్తడి పాత్రలు ఎత్తి చూసిన చేతికి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. జింక్ వాటికి సముద్రపు గాలిలో ముందు పూత కింద చిన్న చిన్న పొక్కులు లేస్తాయి, తర్వాత తెల్లటి పొడి రాలుతుంది. ఒకసారి మొదలైతే దానికి మందు లేదు.

అయినా వాటిని కొనొద్దని అనను. ఇష్టపడి చూసి వచ్చారు. పడకగది, పూజగది తలుపులకు పెట్టుకోండి, అక్కడ గాలి తాకిడి తక్కువ. వీధి గుమ్మానికి మాత్రం నిఖార్సైన ఇత్తడో, స్టీలో ఉండాలి. ఇత్తడికి చిలుము పడుతుందని భయపడకండి, అది పైన పట్టే మరకే, లోపలి లోహం అలాగే ఉంటుంది. కాకపోతే కొత్త ఇత్తడి హ్యాండిళ్ళకు కంటికి కనిపించని సన్నటి పూత వేసి అమ్ముతారు. సంక్రాంతి ముందు ఇత్తడి సామానుతో పాటు వాటికీ చింతపండు పులుసు పెట్టి తోమేస్తే పూత లేచిపోయి, ఆ తర్వాత అతుకులు అతుకులుగా నల్లబడతాయి. పూత ఉన్నన్నాళ్ళు తడిగుడ్డ చాలు. పాత తలుపు మీద మావయ్యగారి నాటి ఇత్తడి కడియాలు, గొళ్ళేలు ఉంటే తీసి పాత సామానుకు వేయకండి. మెరుగు పెట్టించి మళ్ళీ అదే తలుపుకు బిగించండి. అంత దళసరి ఇత్తడి ఇప్పుడు షాపుల్లో అరుదు.

వీధి గుమ్మం విషయంలో నా ఓటు మావయ్యగారికే. ఆయన పాతకాలం మనిషని కాదు, మీది రెండు రెక్కల తలుపు కాబట్టి. ఈ రోజుల్లో అమ్మే మోర్టీస్ తాళాలు, స్మార్ట్ తాళాలు దాదాపు అన్నీ ఒంటి రెక్కను దృష్టిలో పెట్టుకుని చేసినవి. తలుపు అంచులో లోతుగా తొలిచి తాళం పెట్టె దూర్చాలి. పాత రెక్కల అంచుల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కేలా మెట్టు కోసి ఉంటుంది. అక్కడ తొలిస్తే పట్టె బలమంతా పోతుంది. టేకు పట్టెను పీనుగ చేసి దానికి ఖరీదైన తాళం వేయడం ఏం తెలివి?

ఆల్డ్రాప్ 12 అంగుళాలది, దళసరి కడ్డీది తీసుకోండి. దాని రేకును స్క్రూలతో కాకుండా తలుపు ఆ పక్కకు వచ్చే బోల్టులతో బిగించి, నట్లు లోపలి వైపు ఉండేలా చూడండి. బయట స్క్రూలు కనిపిస్తుంటే దొంగకు తాళం పగలగొట్టే పని కూడా ఉండదు, స్క్రూడ్రైవర్ చాలు. తాళంకప్ప ఇత్తడి ఒంటిది, కొక్కెం గట్టిపరచిన ఉక్కుది అయితే మీ ఊళ్ళో నిలుస్తుంది. అలీగఢ్ సరుకా అని ముఖం చిట్లించకండి, దేశంలో తాళాలకు పేరున్న ఊరు అదే, అక్కడ నాసిరకమూ దొరుకుతుంది, నమ్మకమైనదీ దొరుకుతుంది.

ఆల్డ్రాప్‌తో ఒక్క చిక్కుంది. బయట వేలాడే తాళంకప్ప ఇంట్లో ఎవరూ లేరని వీధంతటికీ చెప్పేస్తుంది. మీరు వారం, పది రోజులు ఊళ్ళో ఉండరు కాబట్టి దీనికి తోడు లోపలి వైపు, తలుపు మీద బిగించే రిమ్ లాక్ ఒకటి పెట్టించండి. నైట్ లాచ్ అని కూడా అంటారు. దీనికి అంచు తొలవక్కర్లేదు. ఒక రెక్క మీద తాళం, రెండో రెక్క మీద దాని పట్టీ వస్తాయి. బయట చిన్న తాళంచెవి కన్నం తప్ప ఏమీ కనబడదు. అయితే రెండో రెక్క పైనా కిందా టవర్ బోల్టులతో, అంటే నిలువు గడియలతో, కదలకుండా నిలబడి ఉంటేనే ఈ తాళానికి విలువ. రెండో రెక్క ఊగుతుంటే తాళం కూడా దానితో పాటు ఊగుతుంది.

ఈ టవర్ బోల్టులు తుఫానుకు కూడా కావాలి. 2013లో ఫైలిన్, మరుసటేడు హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021లో గులాబ్. మీ వైపు ఇళ్ళకు ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే బాధ కాదు. గాలి తలుపును తోసినప్పుడు మధ్యలో ఒక్క గడియే ఉంటే బలమంతా దాని మీద పడుతుంది, పై మూలా కింది మూలా లోపలికి వంగుతాయి, ఆ సందుల్లోంచి వాన నీళ్ళు కొడతాయి. పైన ఒకటి, కింద ఒకటి 10 అంగుళాల టవర్ బోల్టులు ఉంటే ఆ తోపును మూడు చోట్ల పంచుకుంటాయి. కింది బోల్టు దిగే కన్నం దగ్గర ఒక జాగ్రత్త ఉంది. శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాసే ఇళ్ళలో ఆ కన్నం నీళ్ళతో, పసుపు ముద్దతో నిండిపోతుంది. కొన్నాళ్ళకు బోల్టు అర అంగుళమే దిగుతుంది, మనం దిగిందనుకుంటాం. గడప కడిగాక ఒక పుల్లతో కన్నం శుభ్రం చేయడం కూడా ఆ పనిలో భాగం చేసేయండి.

మీ అబ్బాయి ఉద్దేశం మంచిదే. ఇల్లు భద్రంగా ఉందో లేదో అక్కడి నుంచే చూసుకోవాలని వాడి తాపత్రయం. కానీ ఈ తలుపుకు స్మార్ట్ లాక్ వద్దని నా తరఫున చెప్పండి. తలుపు సంగతి అలా ఉంచితే, వేలిముద్రల గోల ఒకటుంది. జీడిపిక్కల పని చేసిన చేతులకు ఆ జీడి నూనె వేళ్ళ చర్మాన్ని ఎలా తినేస్తుందో మీకు నేను చెప్పాలా? రేషన్ దగ్గర వేలిముద్ర పడక నిలబడిన పెద్దవాళ్ళు మీ ఊళ్ళోనే ఎందరో. అదే అవస్థ సొంతింటి గుమ్మం దగ్గర, వానలో, డయాలసిస్ నుంచి వచ్చిన మనిషిని పక్కన నిలబెట్టుకుని పడడం ఎందుకు? కరెంటు పోతే తెరుచుకోదన్న భయం మాత్రం అక్కర్లేదు. ఇవి బ్యాటరీల మీద నడుస్తాయి, అయిపోయే ముందు హెచ్చరిస్తాయి. ఎప్పుడైనా ఒంటి రెక్క తలుపు పెట్టించి వాడి ముచ్చట తీర్చాలనుకుంటే మూడు అడగండి: మామూలు తాళంచెవితో కూడా తెరుచుకుంటుందా, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే బయటి నుంచి పవర్ బ్యాంకు తగిలించే చోటు ఉందా, రిపేరుకు మనిషి ఎక్కడి నుంచి వస్తాడు. విశాఖ నుంచి రావాలంటే మానేయడమే మంచిది. అప్పటికీ ఆ తాళంచెవిని ఇంట్లో బీరువాలో పెట్టి బయటికి వెళ్ళకూడదు, నవ్వకండి, చేసేవాళ్ళు ఉన్నారు. ఈలోగా వాడి మనశ్శాంతికి వసారాలో ఒక కెమెరా పెట్టించుకోమనండి.

పెరటి గుమ్మం గురించి మీరసలు రాయలేదు. దొంగ అటే వస్తాడు. వీధి గుమ్మానికి ఇత్తడి సొగసులన్నీ పెట్టి, పెరటి తలుపును ఒక చిన్న గడియతో వదిలేసిన ఇళ్ళు కోకొల్లలు. మీరు బయటి నుంచి పెరటి వైపు తాళం తీసుకుని రావాల్సిన అవసరం లేకపోతే ఆ తలుపుకు బయట తాళమే వద్దు, కన్నమే వద్దు. లోపల పైనా కిందా టవర్ బోల్టులు, మధ్యలో పాతకాలపు అడ్డగెడ. ద్వారబంధానికి రెండు వైపులా ఇనుప కొక్కేలు బిగించి మద్ది చెక్క గెడ ఒకటి దించితే చాలు. ఖర్చు తక్కువ, బయటి నుంచి పట్టు దొరకదు. బయటి నుంచి తెరవాల్సిందే అంటే సిలిండర్ (తాళంచెవి దూరే గొట్టం) ఉన్న మోర్టీస్ తాళం పెట్టించండి. లోపలి వైపు తాళంచెవి కాకుండా తిప్పే బుడిపె ఉన్నది అడగండి, అర్ధరాత్రి పొగో మంటో వస్తే చెవి వెతుక్కునే పని ఉండకూడదు. బయటి వైపు సిలిండర్ రేకు దాటి 3 మిల్లీమీటర్ల కంటే పొడుచుకు రాకుండా తలుపు మందానికి సరిపడే పొడవుది తీసుకోవాలి. పొడుచుకొస్తే పట్టకారుతో పట్టి విరిచేస్తారు.

అన్నిటికంటే ముందు, వీలైతే ఈ వారమే చేయించాల్సింది బాత్రూం గడియ. డయాలసిస్ అయిన రోజు బీపీ పడిపోయి కళ్ళు తిరగడం మామూలు. లోపల టవర్ బోల్ట్ వేసుకుని ఆవిడ పడిపోతే మీరు తలుపు బద్దలు కొట్టాలి. ఆవిడ తలుపుకు అడ్డంగా పడి ఉంటే అదీ కుదరదు. బయటి వైపు చిన్న గాడి ఉండి, రూపాయి బిళ్ళతో తిప్పితే తెరుచుకునే బాత్రూం లాక్‌లు మామూలు హార్డ్‌వేర్ షాపుల్లోనే దొరుకుతాయి. అది పెట్టించి పాత బోల్ట్ పీకేయించండి. ఉంచితే అలవాటు కొద్దీ ఆవిడ దాన్నే వేసుకుంటారు. వీలుంటే తలుపు బయటికి తెరుచుకునేలా బందులు మార్పించండి. హ్యాండిల్ గుండ్రటి నాబ్ వద్దు, పిడికిలి బిగించి తిప్పలేని చేతులకు అది శిక్ష. కిందికి నొక్కితే తెరుచుకునే పొడుగాటి హ్యాండిల్ అయితే మోచేత్తోనైనా తెరవచ్చు. ఆవిడ లేచేటప్పుడు తలుపు హ్యాండిల్ పట్టుకుని లేవకుండా గోడకు విడిగా ఒక పట్టుకడ్డీ వేయించండి. తలుపు సామాను మనిషి బరువు మోయడానికి చేసింది కాదు. ఆవిడ పడుకునే గదికి కూడా ఇదే రకం హ్యాండిల్ పెట్టి, లోపలి గడియ తీసేయడం మంచిది.

మిగతా వాటి గురించి చెప్పాల్సింది తక్కువ. సముద్రపు గాలికి తలుపులు దబ్బున కొట్టుకోకుండా గోడకో నేలకో అయస్కాంతం స్టాపర్లు వేయించండి. తలుపును దానంతటదే మూసే డోర్ క్లోజర్లు ఇంటికి అక్కర్లేదు. తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె పోయకండి. మీ ఉద్దానంలో దానికి కరువు లేదు, చేతికి అందేదీ అదే. కానీ అది 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, చలికాలం రాత్రి తాళం లోపల గడ్డకడుతుంది, మిగతా రోజుల్లో ధూళిని పట్టి జిగురవుతుంది. పెన్సిల్ ముల్లును పొడి చేసి తాళంచెవికి రాసి నాలుగుసార్లు తిప్పండి.

కొనేటప్పుడు పాత తాళం ఒకటి విప్పి సంచీలో వేసుకుని వెళ్ళండి. ప్రతి తలుపు మందం, తలుపు అంచు నుంచి తాళంచెవి కన్నం మధ్యకు ఎంత దూరమో రాసుకోండి. లోపల నిలబడి చూస్తే బందులు కుడి వైపా, ఎడమ వైపా అన్నది ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కొత్త హ్యాండిల్ పట్టీ పాత కన్నాలను కప్పేంత పొడవు లేకపోతే తలుపంతా అతుకులే కనిపిస్తాయి. మొత్తం సామాను ఒకేసారి కొనకుండా, ఒక్క తలుపుకు సరిపడా తెచ్చి బిగించి నాలుగు రోజులు వాడి చూడండి. డబ్బు సర్దుబాటు కావాలంటే లోపలి హ్యాండిళ్ళలో తగ్గించుకోండి, బయటి రెండు గుమ్మాల బందుల్లో, బోల్టుల్లో వద్దు.

పని కార్తీకం దాటాక పెట్టుకోండి, వానలు వెనక్కి తగ్గి చెక్క ఆరుతుంది. సంక్రాంతికి రంగులు వేయిస్తారు కాబట్టి వరుస ఇలా ఉంటే బాగుంటుంది: ముందు చిత్రిక, బందులు, తర్వాత రంగులు, ఆ తర్వాత నేల కడగడం, అన్నీ అయ్యాక హ్యాండిళ్ళు, తాళాలు. టైల్స్ మీద రంగు మరకలు పోవాలని యాసిడ్ పోసి కడుగుతారు. ఆ ఆవిరి తగిలితే 304 స్టీలు కూడా రెండు రోజుల్లో మచ్చలు వేస్తుంది, షాపువాడు మోసం చేశాడని మీరు గొడవకు వెళ్తారు. యాసిడ్ కడుగుడు పూర్తయి, నేల మీద నీళ్ళు రెండుసార్లు పోసి, కిటికీలు తెరిచి ఇల్లు ఆరిన మర్నాడే పొట్లాలు విప్పండి. రిమ్ లాక్‌కు వచ్చిన తాళంచెవుల్లో ఒకటి అబ్బాయికి, ఒకటి మీ వీధిలో మీరు నమ్మే ఇంటికి ఇవ్వండి. మిగిలిన స్క్రూలు ఒక సీసాలో వేసి, ఏ తలుపువో కాగితం మీద రాసి అందులోనే పడేయండి.